దగ్గు రాని గది

మా వియ్యపురాలు గారు పోయారని అల్లుడు ఫోను చేసేసరికి మా ఇంటావిడ పప్పులోకి తాలింపు పెట్టబోతోంది. నూనె కాగింది, ఎండుమిరపకాయలు చేతిలో ఉన్నాయి. "అమ్మ పొద్దున లేవలేదు మావయ్యా" అన్నాడు అల్లుడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట అలాగే అప్పజెప్పాను. మా ఇంటావిడ పొయ్యి కట్టేసి, చేతిలో మిరపకాయలు మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ పూట నుంచి పదకొండో రోజు వెళ్ళేదాకా మా ఇంట్లో తాలింపు లేదు. వియ్యాలవారి మైల మాకు పట్టదు, శాస్త్రప్రకారం మేం తాలింపు పెట్టుకోవచ్చు. ఆ మాటే అంటే, "శాస్త్రం సంగతి నాకు తెలీదు. వదినగారు లేని రోజుల్లో ఈ ఇంట్లో మిరపకాయ వేయించడం నాకు చేతకాదు" అంది.

ఆ మాట మీకు అర్థం కావాలంటే మా ఇంటి గురించీ, ఒక మే నెల గురించీ, నా దగ్గు గురించీ చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి. బడి చిన్నప్పుడే మానేసి, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. అందుకే నాకు ఏ కథా మొదటి పేజీ నుంచి చెప్పడం రాదు.

మాది విజయవాడ కొత్తపేటలో కొండ వారన ఇల్లు. ఆ కొండ పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక మా గోడల మీద కక్కుతుంది. మే నెలలో మా వీధిలో ఒకరినొకరు "ఎలా ఉన్నారు" అని అడగరు. "ఉన్నారా" అని అడుగుతారు. అలాంటి ఊళ్ళో నేను బతుకంతా ఐసు అమ్మాను. పెళ్ళిళ్ళకి, సోడా బండ్లకి, చేపల లారీలకి. కొత్తల్లో ఒకసారి కంకిపాడులో పెళ్ళికని పెద్ద దిమ్మ రిక్షాలో వేసుకుని, పైన ఉత్త గోనె కప్పి బయల్దేరాను. అక్కడికి చేరేసరికి అది తాంబూలం పళ్ళెంలో పట్టేంత మిగిలింది. పెళ్ళికూతురి తండ్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని మజ్జిగలో వెయ్యమంటారా, పెళ్ళికొడుకు చేతిలో పెట్టమంటారా" అని అడిగాడు. ఆ రోజు నుంచి నాకు రంపపు పొట్టే దేవుడు. దిమ్మ చుట్టూ పొట్టు దట్టించి సందు లేకుండా కట్టడం నేర్చుకున్నాను. దాంతో పాటు రెండు సంగతులు జీవితాంతం అంటిపెట్టుకున్నాయి. ఒకటి, చల్లదనానికి పారిపోయే గుణం ఉంటుందనే సిద్ధాంతం. రెండోది, ఆ పొట్టు పీల్చి పీల్చి వచ్చిన దగ్గు.

మా వియ్యపురాలు మంగళగిరిలో గుంట మగ్గం పక్కన పుట్టి పెరిగిన మనిషి. మగ్గం గదిలోకి వడగాడ్పు దూరితే పడుగు ఎండిపోయి పోగులు పటపట తెగుతాయి. అంచేత వాళ్ళింట్లో ఆడపిల్లలకి ముగ్గు వెయ్యడం కంటే ముందు సందులు మూయడం నేర్పుతారట. ఆవిడ సిద్ధాంతం నాదానికి నిలువునా ఎదురు. చల్లదనం ఎక్కడికీ పోదు, వేడే దొంగలా లోపలికి వస్తుంది అనేవారు. ఈ ఒక్క విషయం మీద మేమిద్దరం వియ్యం కలిసిన రోజు నుంచి వాదులాడుకుంటూనే ఉన్నాం. "రెండూ ఒకటే కదండీ" అని మా ఇంటావిడ సర్దిచెప్పబోతే ఇద్దరం కలిసి ఆవిడ మీద పడేవాళ్ళం.

పెళ్ళిమాటలకి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఏం చేశారో చెబుతాను. అందరూ సున్నుండలు తింటుంటే ఆవిడ లేచి, మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి చెయ్యి వెనకవైపు తడుపుకుని, కిటికీ చట్రం వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయారు. కలప చూస్తున్నారేమో అని నేను ఛాతీ విరుచుకున్నాను. వాస్తు చూస్తున్నారేమో అని మా ఇంటావిడ నీరుగారిపోయింది. ఆవిడ తిరిగొచ్చి కూర్చుని, "అమ్మాయి బాగుందండీ, మాకు నచ్చింది. మీ కిటికీలే కారుతున్నాయి" అన్నారు. వియ్యపురాలికి మన ఇంట్లో వంకలు వెతికే హక్కు ఎలాగూ ఉంటుంది. ఈవిడ వంకలు వదిలేసి సందులు వెతికారు. తడి చేతికి గాలి ఎక్కడ తగిలితే అక్కడ చల్లగా చురుక్కుమంటుంది. పడుగు మీదికి గాలి ఎటు నుంచి వస్తోందో వాళ్ళు అలాగే కనిపెడతారట.

ఇక ఆ మే నెల. మా అమ్మాయి తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. నెల ముందే, ఎండలు మండిపోతున్న వేళ ప్రసవమైంది. ఆడపిల్ల. బరువు తక్కువని కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పింది. "మరీ చల్లగా వద్దు. వేడి మాత్రం అసలు తగలకూడదు. గది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉండాలి. తేడా వచ్చిందా, ఇంత చిన్న పిల్ల తట్టుకోలేదు."

చెప్పడం తేలికే. మా వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి లాగేసరికి మధ్యాహ్నం భోజనాల వేళకి ట్రాన్స్‌ఫార్మరు పడిపోతుంది. లైన్‌మన్ వచ్చేదాకా అంతే సంగతులు. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది, తిరిగి ఆ వేడినే మన మొహాన కొడుతుంది. అల్లుడు కొత్తగా పెట్టించిన ఏసీ ఆగిపోతే, అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు ఆ గది పెనం అయిపోయేది. అల్లుడు ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇంకా పెద్ద ఏసీ పెట్టిద్దాం" అన్నాడు.

"చిల్లికుండకి పెద్ద చెంబుతో నీళ్ళు పోస్తావా నాన్నా?" అన్నారు వాళ్ళమ్మ. "ముందు చిల్లి ఎక్కడుందో చూడాలి. పిల్లని ఎప్పుడు పంపుతారంట?"

"ఎల్లుండి, లేదంటే ఆ మర్నాడు."

"అయితే నేను రేప్పొద్దున అన్నయ్యగారింటికి వస్తున్నాను" అన్నారు. అన్నయ్యగారంటే నేనే.

మంగళగిరి నుంచి మొదటి బస్సుకి దిగారు. చేతిలో పెద్ద సంచి. దాన్నిండా దూది, అంచు గుడ్డ ముక్కలు, పాత పంచెలు. కాఫీ కూడా తాగకుండా చెయ్యి తడుపుకుని గది చుట్టూ బయల్దేరారు. కిటికీ చట్రానికీ గోడకీ మధ్య వేలు పట్టే సందు. ఏసీ గొట్టం బయటికి పోయే కన్నం చుట్టూ, బిగించినవాళ్ళు నలిపి కుక్కిన పాత పేపరు. ఆవిడ ఆ పేపరు లాగితే వడగాడ్పు ఈల వేసింది. "అన్నయ్యగారూ, మీరు కరెంటుతో చల్లబరుస్తున్నది గదిని కాదు, కొండని" అన్నారు. నిజం చెప్పొద్దూ, కరెంటు పొదుపంటే లైట్లు ఆర్పడమే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. ఐసు దిమ్మకి పొట్టు దట్టించిన నాకు, నేను పడుకునే గది కూడా ఒక దిమ్మే అని తట్టలేదు.

ఇక ఆవిడ మగ్గం బుద్ధి పోనిచ్చుకున్నారా? పోగుకి పట్టించే గంజి కాచి, దాంట్లో గుడ్డపీలికలు ముంచి, సందులన్నిటికీ అతికించారు. ఎండకి అది బిర్రుగా ఎండి, మీటితే మద్దెలలా మోగింది. "చూశారా, మా గంజి" అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. మర్నాడు తెల్లారి చూస్తే కొత్తపేటలో ఉన్న చీమలన్నీ బారులు తీరి మా కిటికీకి వస్తున్నాయి. పసిపిల్ల పడుకోవాల్సిన గది. మా ఇంటావిడ కాఫీ గ్లాసు పట్టుకుని కాసేపు ఆ ఊరేగింపు చూసి, "వదినగారూ, విస్తళ్ళు కూడా వేద్దామా?" అంది.

వియ్యపురాలు ఒక్క క్షణం బిక్కమొహం వేశారు. తర్వాత పడీ పడీ నవ్వారు. తనే తడిగుడ్డతో గంజంతా గీకేసి, కడిగి, "పదండి అన్నయ్యగారూ, బజారుకి" అన్నారు. ఆటోలో కూర్చున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. తప్పు చేస్తే అంత ఉత్సాహం తెచ్చుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వన్‌టౌన్‌లో హార్డువేరు కొట్టతను సిలికాన్ ట్యూబులూ, రబ్బరు బీడింగూ తీసిస్తూ, "అక్వేరియం కడుతున్నారా అండీ?" అని అడిగాడు. "అవును బాబూ, ఈ ఎండల్లో మేం చేపలమే" అన్నారు ఆవిడ.

మధ్యాహ్నానికి కిటికీ, ఏసీ కన్నం మూతపడ్డాయి. చెయ్యి తడిపి చూస్తే ఎక్కడా చురుక్కుమనలేదు. కానీ ఆవిడకి తృప్తి లేదు. చెయ్యి అందని చోట్లు ఉంటాయి కదా. అప్పుడు నా దగ్గు విని టక్కున ఆగిపోయారు. ఆ కళ్ళలో మెరుపు నాకింకా గుర్తు.

"అన్నయ్యగారూ, మీరు లోపల కూర్చోండి."

"ఎందుకు?"

"వదినగారూ, వంటింటి కిటికీ వేసెయ్యండి. ఎండుమిరపకాయలు ఎన్నున్నాయి?"

ఈ గదికీ వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. వంటిల్లు మూసేసి మూకుట్లో మిరపకాయలు మాడుస్తారు. ఘాటు ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి గదిలోకి వస్తుంది. లోపల నేను దగ్గితే గది ఓడినట్టు, దగ్గకపోతే గెలిచినట్టు. దగ్గు వచ్చాక ఘాటు ఎటు నుంచి వస్తోందో వాసన పట్టి చెప్పడం కూడా నా పనే. బతుకంతా అందరూ విసుక్కున్న నా దగ్గుకి ఒక ఉద్యోగం దొరికింది చూడండి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళి కూర్చున్నాను.

మొదటి వాయికి వెంటనే దగ్గాను. తలుపు కింద సందు. ఆవిడ పట్టంచు చీర అంచులు గొట్టంలా కుట్టి, ఊక దట్టించి, తలుపు కింద బిగువుగా పడుకోబెట్టారు. రెండో వాయికి కాస్త ఆగి దగ్గాను. స్విచ్చిబోర్డు వెనక, వైర్ల గొట్టంలోంచి వస్తోంది. మెయిను ఆపించి, ఎలక్ట్రీషియన్ని పిలిపించి దాన్ని మూయించాం. వీధిలో పక్కింటాయన తుమ్ముతూ వచ్చి, "ఏం పచ్చడండీ, మాకూ కాస్త పంపండి" అన్నాడు. వియ్యపురాలు ముక్కుకి కొంగు కట్టుకుని బయటికొచ్చి, "పచ్చడి కాదు బాబుగారూ, పరీక్ష. ఫలితాలు సాయంత్రానికి" అన్నారు.

మూడో వాయి. నేను ఊపిరి బిగబట్టలేదు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. మామూలుగానే పీల్చాను. గెలిచాం అనుకునేలోపు పైనుంచి, నడినెత్తి మీంచి దిగింది ఘాటు. దగ్గి దగ్గి కుర్చీలోంచి జారాను. ఘాటు అటక మీంచి వస్తోంది.

ఆ అటక వంటింటికీ గదికీ ఉమ్మడి, మధ్య గోడ ఉన్నది పేరుకే. అటక మీద మా ఇంటావిడ పుట్టింటి గంగాళం. అది జరిపేదాకా మాకే గుర్తులేదు. దాని వెనక గోడలో చెయ్యి దూరేంత కన్నం. ఇల్లు కట్టిన కొత్తల్లో వాస్తు చూసినాయన పెట్టించిన కన్నం అది. ఈశాన్యం గదిలోంచి ఇంట్లోకి లక్ష్మి నడిచే దారి అన్నాడు. దాన్ని మూస్తే ఏమవుతుందో కూడా చెప్పాడు, ఇప్పుడు అది ఎందుకులెండి. ఇన్నేళ్ళూ ఆ దారిన ఎలుకలు నడవడమే చూశాం కానీ, మూసే ధైర్యం మాత్రం రాలేదు.

మా ఇంటావిడ స్టూలు పక్కన నిలబడి, "అది మాత్రం వద్దు వదినగారూ" అంది. "పసిపిల్ల ఇంటికొచ్చే ముందు లక్ష్మి దారి మూస్తారా ఎవరైనా?"

నేను నోరెత్తలేదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, అందులోనూ వియ్యపురాళ్ళ మధ్య నోరెత్తకూడదన్న తెలివి నాకు ఐసు కంటే ముందే వచ్చింది. కన్నం అలా ఉంటే రేపు మధ్యాహ్నం కరెంటు పోగానే వంటింటి సెగంతా ఉయ్యాల మీదికి దిగుతుంది. మూస్తే మా ఇంటావిడ మనసులో ముల్లు పడుతుంది, పిల్లకి ఏ చిన్న నలత చేసినా అది గుచ్చుతూనే ఉంటుంది. వియ్యపురాలు స్టూలు దిగి, మా ఇంటావిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"వదినగారూ, లక్ష్మి రేపు ఆటోలో, మీ అమ్మాయి ఒళ్ళో కూర్చుని, వీధి గుమ్మంలోంచి వస్తోంది. అటక మీద కన్నంలోంచి దూరాల్సిన కర్మ ఆవిడకేంటండీ?"

మా ఇంటావిడ ఆ కన్నం వంకా, వదినగారి వంకా చూసింది. తర్వాత కొంగు బిగించి, "స్టూలు గట్టిగా పట్టుకోండి" అని నాతో అంది. ఇటుక ముక్క పెట్టి, సిమెంటు పూసి, ఆ కన్నం తన చేత్తోనే మూసింది. వియ్యపురాలు కింద నిలబడి తాపీ అందించారు.

సిమెంటు కాస్త ఆరాక నాలుగో వాయి. వంటింట్లో ఇద్దరూ తుమ్ముతున్న చప్పుడు గోడ అవతల వినిపిస్తోంది. నేను కూర్చున్నాను. పీల్చాను. తడి సిమెంటు వాసన, కొత్త రబ్బరు వాసన. అంతే. అవతలి నుంచి, "దగ్గారా అన్నయ్యగారూ?" అని కేక. నాకు ఎంత సంబరమేసిందంటే, జవాబు చెప్పాలన్న సంగతే మరిచిపోయాను. ఇంకోసారి కేక. ఆ తర్వాత కంగారుగా తలుపు తోసుకుని ఇద్దరూ వచ్చిపడ్డారు. నేను నిక్షేపంగా కూర్చుని నవ్వుతున్నాను. వాళ్ళతో పాటు లోపలికొచ్చిన ఘాటుకి ముగ్గురం కలిసి దగ్గాం.

మర్నాడు లక్ష్మి ఆటోలోనే వచ్చింది. ఆ మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మరు మాట తప్పలేదు. అమ్మాయీ పిల్లా లోపల, మేం నలుగురం తలుపు బయట. అల్లుడు చెమటలు కక్కుతున్నాడు. నేను తలుపు తోసి చూద్దామని చెయ్యి వేశాను. "తెరిచారా, మొత్తం పోతుంది" అని వియ్యపురాలు నా చెయ్యి తీసేశారు. "పోతుందన్నారుగా, అంటే చల్లదనం బయటికి పోతుందని ఒప్పుకున్నట్టే" అన్నాను. "ఇప్పుడా అన్నయ్యగారూ" అన్నారు. చాలాసేపటికి అల్లుడి ఫోను మోగింది. లోపలి నుంచి అమ్మాయి, గుసగుసగా: "అందరూ వెళ్ళి పడుకోండి. గది పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. పిల్ల నిద్రపోతోంది." అల్లుడు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. కరెంటు వస్తే వీధి వీధంతా అరవడం మా పేట ఆనవాయితీ. ఆ రోజు కరెంటు ఎప్పుడొచ్చిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అయితే మా వియ్యపురాలికి మూయడంలో ఎంత పట్టుదలో, తెరవడంలోనూ అంతే. పొద్దున చల్లటి వేళా, ఎండ తగ్గాకా పిల్లని పక్క గదిలోకి మార్చి కిటికీలు బార్లా తీయించేవారు. "ఇల్లు ఊపిరి తీసుకోవాలి, కాకపోతే మనం చెప్పిన వేళకి" అనేవారు. ఒకరోజు మా బంధువు ఒకావిడ, పసిపిల్లకి స్నానమయ్యాక సాంబ్రాణి వెయ్యాలని నిప్పుల కుంపటి పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళబోయింది. బాలింత గది మూసి ఉంచడం మన ఆచారమే, సాంబ్రాణీ మన ఆచారమే. రెండూ కలిపితే ఏమవుతుందో ఆ క్షణాన మా ఎవరికీ తోచలేదు. వియ్యపురాలు గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డారు. ఎప్పుడూ నవ్వే మొహంలో నవ్వు లేదు. "పొగ ఉన్నచోట సందు ఉండాలి. సందు మూసినచోట పొగ ఉండకూడదు. వాకిట్లో వేసుకోండమ్మా మీ సాంబ్రాణి." ఆ కుంపటి ఆ గడప దాటలేదు.

ఆ తర్వాత ఆవిడ మా రెండు వైపుల చుట్టాల ఇళ్ళల్లోనూ సందులు మూయించారు. ఎండాకాలం వస్తే కబురు పెట్టి పిలిపించుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఫంక్షన్ హాలు తలుపుల దగ్గర నిలబడి, చెయ్యి తడుపుకుని, "ఇంత కరెంటూ వీధికి పంచుతున్నారు పాపం" అని నిట్టూర్చేవారు. మా గదిలో ఏసీ అంతకు ముందు ఆగకుండా మొరిగేది. ఇప్పుడు కాసేపు పనిచేసి, బుద్ధిగా చాలాసేపు ఊరుకుంటుంది. మనవరాలు పెద్దదయ్యాక తలుపు కింద ఊక గొట్టానికి పాము అని పేరు పెట్టింది. పొట్ట పిగిలినప్పుడల్లా నాయనమ్మ మంగళగిరి నుంచి కొత్త అంచుతో వచ్చి కుట్టి వెళ్ళేవారు. పోయే ముందు వారం కూడా ఫోనులో నాతో, "ఇప్పటికైనా ఒప్పుకోండి అన్నయ్యగారూ, వేడే లోపలికి వస్తుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మళ్ళీ ఫోను చెయ్యరేమో అని నా భయం.

పదకొండో రోజు మంగళగిరి వెళ్ళి వచ్చాం. అమ్మాయికీ అల్లుడికీ అక్కడ ఇంకా పనులున్నాయని మనవరాలిని మాతో పంపారు. మర్నాడు మధ్యాహ్నం పిల్ల ఆ గదిలోనే నిద్రపోయింది. పక్కన కుర్చీలో నేను. గోడ అవతల మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడు. నూనె. ఆవాలు చిటపటలాడాయి. తర్వాత డబ్బా మూత తీసిన చప్పుడు. మిరపకాయలు వేసిందని నాకు తెలుసు.

కాసేపటికి అవతలి నుంచి కేక వచ్చింది. ఎప్పుడూ అలా అడగని మనిషి, ఆ రోజు అడిగింది.

"దగ్గారా?"

దగ్గు రాలేదు. పిల్ల కదల్లేదు. చీర అంచుల పాము తలుపు కింద సందు లేకుండా పడుకుని ఉంది. గదిలోకి ఇసుమంత ఘాటు రాలేదు. అందుకే, నా కళ్ళ వెంట నీళ్ళు ఎందుకు కారుతున్నాయో చెప్పుకోవడానికి ఒక్క వంకా దొరక్క, జవాబివ్వకుండా అలాగే కూర్చున్నాను.